ఇత్తడి ఫోర్జింగ్‌లో లీకులు, మడతలు, పగుళ్లు: రిజెక్షన్ దించడానికి పట్టిన తొమ్మిది వారాలు (నా అనుభవం)

జూన్ 2న మెషినింగ్ వాళ్ల నుంచి రిపోర్ట్ వచ్చింది. 4,800 వాల్వ్ బాడీల లాట్‌లో 571 రిజెక్ట్, అంటే వందకు దాదాపు పన్నెండు. కారణం రాయాల్సిన గడిలో 571కీ ఒకటే మాట: ఫోర్జింగ్ డిఫెక్ట్. రోగి వస్తే చీటీ మీద "ఒంట్లో బాగోలేదు" అని రాసి పంపినట్టుంది.

ముందు పార్ట్ సంగతి. ముప్పావు అంగుళం బాల్ వాల్వ్ బాడీ. లోహం సీసం కలిసిన ఫోర్జింగ్ ఇత్తడి, యూరప్ ప్రమాణంలో సీడబ్ల్యూ 617 ఎన్. రాగి 57 నుంచి 59 శాతం, సీసం 1.6 నుంచి 2.5, మిగతాదంతా దాదాపు జింకే. 32 మి.మీ. రాడ్‌ను 46 మి.మీ. ముక్కలుగా కోసి, గ్యాస్ ఫర్నేస్‌లో కాల్చి, స్క్రూ ప్రెస్ మీద డైలో (బాడీ ఆకారం చెక్కిన ఉక్కు అచ్చులో) పడుకోబెట్టి ఒకే దెబ్బ కొడతాం. ముక్క బరువు 313 గ్రాములు, ఫ్లాష్ (డై అంచుల్లోంచి బయటికి పొంగే అదనపు లోహం) కత్తిరించాక బాడీ 268 గ్రాములు. పోయింది 571 బాడీలంటే 153 కిలోల ఇత్తడి. ఇత్తడి మళ్లీ కరుగుతుంది కాబట్టి దాని బాధ తక్కువే. 571 బాడీల మీద బోరింగ్‌కు, థ్రెడింగ్‌కు పెట్టిన గంటలు మాత్రం కరిగించినా వెనక్కి రావు. లీకు బయటపడేది పని మొత్తం అయ్యాకే.

జూన్ 3, 4 రెండు రోజులూ వేరు చేయడానికే పోయాయి. అయిదు డబ్బాలు పెట్టి ఒక్కో బాడీనీ చేతిలోకి తీసుకుని చూశాం. 6 బార్ గాలి పరీక్షలో బుడగలు వచ్చినవి 214. మడతలు, షాపులో ల్యాప్ అంటాం, 187. పగుళ్లు 96. డై నిండక మూల మొండిగా మిగిలినవి 52. పై డై, కింది డై జరిగినవి, పొలుసు (వేడికి పైన కట్టే ఆక్సైడ్ పెచ్చు) గుంటలున్నవి, దెబ్బలు తగిలినవి అన్నీ కలిపి 22. అప్పటిదాకా అందరం ప్రెస్‌నే అనుమానించాం, టన్నేజీ చాలదని కొత్త ప్రెస్ మాట కూడా వచ్చింది. డబ్బాలు పక్కపక్కన పెట్టి చూస్తే, ప్రెస్ శక్తికి ముడిపెట్టగలిగింది మహా అయితే ఆ 52.

మడతకూ పగులుకూ తేడా పైనుంచి చూస్తే తెలియదు, రెండూ సన్నటి నల్లగీతలే. కోసి చూడాల్సిందే. గీతకు అడ్డంగా కోసి, 1200 నంబరు కాగితం దాకా రుద్ది, సగం నీళ్లు సగం నైట్రిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో కొద్ది సెకన్లు ముంచి కడిగాం. ఈ పని పొగ లాగే హుడ్ కిందే చేయాలి, గోధుమరంగు పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. యాసిడ్‌నే నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. కోతలో మడత ఏటవాలుగా, చర్మం కిందికి జారినట్టు పోతుంది. లోపల నల్లటి ఆక్సైడ్, ఒక్కోసారి గ్రాఫైట్ కూడా ఉంటుంది, కొస గుండ్రంగా ఆగిపోతుంది. పగులు వంకరటింకరగా గింజల (లోహం లోపలి స్ఫటికాల) అంచులు పట్టుకుని పోతుంది, కొస సూదిలా ఉంటుంది. ఇలా నలభై ముక్కలు కోయడానికి మూడు రోజులు పట్టింది. పగుళ్ల డబ్బాలో 14 నిజానికి మడతలు, మడతల డబ్బాలో 9 నిజానికి పగుళ్లు. మిగతా లెక్క జోలికి పోలేదు, దారి తెలిస్తే చాలనుకున్నాం.

ముందు లీకుల సంగతి తేల్చాలనుకున్నాం, సంఖ్య వాటిదే పెద్దది కాబట్టి. లీకైన బాడీలను బుడగ వచ్చిన చోట కోస్తే గోడ మధ్యలో వెంట్రుకంత నల్లదారం కనిపించింది. చిన్న గుల్ల కాదు, దారమే, బోరు పొడవునా సాగి ఉంది. ఫోర్జింగ్‌లో పుట్టిన లోపం అంత నిడివిగా రాడ్ దిశలోనే సాగదు. జూన్ 9న స్టోర్ నుంచి ఇరవై రాడ్లు తెప్పించి రెండు కొసల దగ్గరా హాక్సాతో చుట్టూ గాటు పెట్టి, వైస్‌లో బిగించి సుత్తితో విరిచాం. పదిహేడు రాడ్లు ఒకే రంగులో, సన్నటి గింజతో విరిగాయి. మూడు రాడ్లకు మాత్రం ఒక కొసలో, మధ్యకు కాస్త బయటగా, పావలా బిళ్ల అంచులాంటి నల్ల వలయం. ఆ వలయం వెంబడి లోపలి భాగం మూతలా ఊడి వచ్చింది. అప్పటిదాకా ఆ పాపమంతా మా నెత్తినే ఉంది కాబట్టి, చేతిలో ఆ బిళ్ల పట్టుకుని కాస్త తేలికపడ్డామని ఒప్పుకోవాలి.

ఇది ఎక్స్‌ట్రూషన్ పైప్. వేడి బిల్లెట్‌ను (రాడ్ తీసే లావాటి ఇత్తడి దుంగను) డైలోంచి నొక్కేటప్పుడు చివరికొచ్చేసరికి బిల్లెట్ పై తోలు, దాని మీది ఆక్సైడ్ రాడ్ మధ్యలోకి లాక్కుపోతాయి. మిల్లులో దీనికి రెండు అడ్డుకట్టలుంటాయి. నొక్కే దిమ్మెను కంటైనర్ (బిల్లెట్ పెట్టే గొట్టం) కంటే కాస్త చిన్నదిగా పెట్టి పై తోలును గోడకే వదిలేయడం ఒకటి, బిల్లెట్ చివరి ముక్కను నొక్కకుండా పారేయడం రెండోది. ఆ పారేసే ముక్క కాస్త చిన్నదైతే, ఆ బిల్లెట్ నుంచి చివర వచ్చిన రాడ్‌లోనే ఈ వలయం మిగులుతుంది. అందుకే ఒకే బండిల్‌లో పక్కపక్క రాడ్లు ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అవుతాయి. అందుకే బండిల్‌కు ఒక శాంపిల్ తీసి పాస్ చేసే మా ఇన్‌కమింగ్ తనిఖీ ఏ రోజూ దీన్ని పట్టుకోలేదు. కెమిస్ట్రీ రిపోర్ట్‌లో ఇది కనిపించే ప్రసక్తే లేదు.

అదే రోజు ఫోటోలు, విరిచిన ముక్కలు రాడ్ మిల్లుకు పంపాం. జవాబు జూన్ 20న వచ్చింది, పదకొండు రోజులకు. మొదటి జవాబు "మా వైపు అంతా సరిగానే ఉంది". రెండోసారి ఊడిన బిళ్లను పార్సిల్ చేశాక స్వరం మారింది. మార్చిన రాడ్లు జూలై 8న చేరాయి. ఈ నెల రోజులూ ఉత్పత్తి ఆపలేం కదా. ప్రతి రాడ్‌కూ రెండు కొసలా విరిచి చూడడం, వలయం కనిపిస్తే అది పోయేదాకా 100 మి.మీ. చొప్పున కోసుకుంటూ పోవడం. ఒక రాడ్‌లో వలయం 640 మి.మీ. దాకా పోయింది. రోజుకు ఇద్దరు మనుషుల పని, మూడు మీటర్ల రాడ్‌లో సగటున అరచేయంత ముక్క నష్టం. దండగలా కనిపించింది కానీ ఆ నెలలో లీకులు 214 నుంచి ఒక్కో లాట్‌కు ముప్పై లోపుకు దిగాయి.

పగుళ్ల కథ ఇంకోలా మొదలైంది. ప్రెస్ ఆపరేటర్ ఒక మాటన్నాడు: "సార్, భోజనాల తర్వాత వచ్చే మొదటి ముక్కల మీద తెల్లపొడి ఉంటోంది, పట్టకారుకు అంటుకుంటోంది." ఆ తెల్లపొడి జింక్ ఆక్సైడ్. జింక్ 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కానీ ఇత్తడిలోంచి ఆవిరై పోవడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. ఫర్నేస్ పైరోమీటర్ (ముక్క వదిలే కాంతిని బట్టి దూరం నుంచే వేడి కొలిచే పరికరం) మాత్రం 745 డిగ్రీలే చూపిస్తోంది. 745కు పొడి రాలకూడదు.

జూన్ 12న ఒక ముక్కకు మధ్యదాకా 3 మి.మీ. రంధ్రం వేసి, కె టైప్ థర్మోకపుల్ (తాకి వేడి కొలిచే తీగ) దూర్చి ఫర్నేస్‌లో పెట్టాం. పైరోమీటర్ 745 దగ్గర ఉన్నప్పుడు ముక్క గుండెలో 808. అరవై డిగ్రీలకు పైగా తేడా. పైరోమీటర్ పాడవలేదు. దాంట్లో ఎమిసివిటీ (వేడి వస్తువు ఎంత బాగా కాంతి వదులుతుందో చెప్పే అంకె) 0.85 అని పెట్టి ఉంది, ఉక్కు పొలుసు కోసం ఎప్పుడో ఎవరో పెట్టిన విలువ. కాలిన ఇత్తడికి అది చాలా ఎక్కువ, మెరిసే ఇత్తడికి అయితే సున్నాకు దగ్గరగా ఉంటుంది. ముక్క వదిలే కాంతి తక్కువ, పరికరం ఎక్కువ ఉండాలనుకుంటుంది, కాబట్టి ముక్క చల్లగా ఉందని లెక్కగడుతుంది. అది తక్కువ చూపించిన కొద్దీ మనం బర్నర్ పెంచుతాం. ముక్క మీద ఆక్సైడ్ మందాన్ని బట్టి ఈ తప్పు కూడా ముక్కముక్కకీ మారుతుంది, అందుకే ఒకే సవరణ వేసి వదిలేస్తే కుదరదు. ఇప్పుడు షిఫ్ట్‌కు రెండుసార్లు థర్మోకపుల్ ముక్క పెట్టి, పైరోమీటర్‌ను దానికి సరిపెడుతున్నాం. పరికరం మీద అంకె చూసి నమ్మేయడం మాకు ఏళ్లుగా అలవాటు. అది మానడానికి టైం పట్టింది.

ఈ గ్రేడ్‌కు మేం పెట్టుకున్నది 720 నుంచి 760. అంతకు కింద ముక్క గట్టిపడి, మూలలు నిండవు, ఫ్లాష్ అంచుల్లో పళ్లలా చీలికలు వస్తాయి, డై కూడా అరుగుతుంది. అంతకు పైన, ముఖ్యంగా ఆ వేడిలోనే చాలాసేపు నానితే, గింజలు ముదురుతాయి. దెబ్బ పడ్డాక బాడీ వంపు తిరిగే చోట పైచర్మం నారింజ తొక్కలా గరుకుగా మారి, దాని మీద సన్నటి పగుళ్లు లేస్తాయి. మా 96లో అత్యధికం ఈ రకమే.

నానడానికి కారణం భోజన విరామమే. ప్రెస్ ఆగితే ఫర్నేస్ ఆగదు, లోపల ఎనభై ముక్కలు అరగంట కాలుతూ కూర్చుంటాయి. ఇప్పుడు నియమం ఇది. ప్రెస్ పది నిమిషాలకు మించి ఆగేట్టుంటే పదిహేను నిమిషాల ముందే ముక్కలు పెట్టడం ఆపాలి. అనుకోకుండా ఆగితే లోపలున్నవన్నీ బయటికి లాగి ఎర్ర డబ్బాలో వేయాలి, అవి మళ్లీ ప్రెస్ దగ్గరికి రాకూడదు. ఎర్ర డబ్బాను మొదటి వారం ఎవరూ పట్టించుకోలేదు. దానిలోంచి ఆరు ముక్కలు తీసి కొట్టి, పగిలిన బాడీలను ప్రెస్ పక్కనే తీగకు వేలాడదీశాక పని మొదలైంది.

ఇక మడతలు. ఇవి రెండు చోట్లే వస్తున్నాయి. కాండం (వాల్వ్ తిప్పే కడ్డీ) బయటికొచ్చే బొడ్డు మొదట్లో 121, రెండు కొసల మెడల దగ్గర 66. ఒకే జబ్బు అనుకుని ఒకే మందు వేసి ఉంటే సగం మిగిలేది.

మెడ దగ్గరివి రంపానివి. ముక్క డైలో పడుకుని ఉంటుంది కాబట్టి కోసిన ముఖాలు రెండూ మెడల్లోకి వస్తాయి. రంపం పళ్లు మొద్దుబారితే కోత చివరి అంచున బర్ లేస్తుంది, చేత్తో తడిమితే కత్తి అంచులా గీరుకుంటుంది. ఆ సన్నటి రేకు దెబ్బ కింద పక్కకు వంగి, బాడీ చర్మంలో ఒదిగిపోతుంది. దాని మీద ఆక్సైడ్ ఉంటుంది కాబట్టి లోపలి లోహంతో ఎన్నటికీ అతుక్కోదు. కోతలో అంటుకున్న తునక కూడా ఇదే పని చేస్తుంది. విరుగుడు చవకైనది: కోసిన ముక్కలను వైబ్రేటర్‌లో రాళ్లతో ఇరవై నిమిషాలు తిప్పడం, రంపం బ్లేడును గంటల లెక్కన కాకుండా బర్ ఎత్తు 0.2 మి.మీ. దాటగానే మార్చడం. మూడు రోజుల్లో తేడా కనిపించింది.

కోత దగ్గరే ఇంకో సంగతి బయటపడింది. రంపం స్టాపర్ వదులై ముక్క పొడవు ప్లస్ మైనస్ 1.2 మి.మీ. ఊగుతోంది. 32 మి.మీ. రాడ్‌కు మిల్లీమీటరుకు దాదాపు 6.8 గ్రాములు, అంటే ముక్కకు ముక్కకు మధ్య పదహారు గ్రాముల తేడా వస్తోంది. బరువు తక్కువైతే నిండదు, ఎక్కువైతే డై పూర్తిగా మూయదు, ఫ్లాష్ మందమవుతుంది. స్టాపర్ బిగించి ఊరుకోలేదు. రాడ్ వ్యాసం 0.1 మి.మీ. మారినా రెండు గ్రాములు మారుతుంది, కాబట్టి పొడవు కొలవడం మాని తూకమే పెట్టాం: 313కు అటూ ఇటూ రెండు గ్రాములు. బండిల్ మారినప్పుడల్లా మొదటి అయిదు ముక్కలు త్రాసు మీద పెట్టి స్టాపర్ జరుపుతారు.

బొడ్డు మొదట్లోని మడతలు వేరే. వీటికి సగం దెబ్బల ట్రయల్ చేశాం, జూన్ 16 నుంచి 18 దాకా. స్క్రూ ప్రెస్ శక్తిని బాగా తగ్గించి అయిదు ముక్కలు, కాస్త పెంచి మరో అయిదు, అలా ఆరు మెట్లు. డై మూసుకోవడానికి ఇంకా 12 మి.మీ. ఉన్నప్పటి నుంచి పూర్తిగా మూసుకునేదాకా, ముప్పై ముక్కలను వరుసగా బల్ల మీద పేర్చాం. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన రోజు అదే. మూడో మెట్టు దాకా అంతా నున్నగా ఉంది. నాలుగో మెట్టులో లోహం బొడ్డులోకి దూకుతూ మూల దగ్గర డైని అంటుకోకుండా గెంతింది, అక్కడ చిన్న ఖాళీ. అయిదో మెట్టులో వెనక నుంచి వచ్చిన లోహం ఆ ఖాళీని కప్పేసింది. ఆరో మెట్టులో పైకి గీత మాత్రమే మిగిలింది. పూర్తయిన బాడీని నెల రోజులు చూసినా ఇది అర్థమయ్యేది కాదు.

మూల వ్యాసార్థం డ్రాయింగ్‌లో 1 మి.మీ. వాడీవాడీ డై అక్కడ పదునుగా మారిందేమోనని కొలిస్తే ఇంకా 1.1 ఉంది. అంటే డై పాతబడి కాదు, పుట్టుకతోనే మూల మరీ పదును. దాన్ని 2.5కు పెంచాలంటే కస్టమర్ అంగీకారం కావాలి, బొడ్డు మొదట్లో గ్లాండ్ నట్ (కాండం చుట్టూ లీకు రాకుండా బిగించే నట్) కూర్చునే జాగా తగ్గుతుంది కాబట్టి. అదృష్టం, నట్‌కు అక్కడ చాంఫర్ (ఏటవాలుగా కోసిన అంచు) ఉంది. ట్రయల్ జరుగుతుండగానే అడిగాం, 19కి ఒప్పుకున్నారు, ఆ రోజే డై పంపాం. హెచ్13 ఉక్కు, 46 హెచ్ఆర్‌సీ గట్టిదనం, దాన్ని ఈడీఎం (విద్యుత్ నిప్పురవ్వలతో లోహం చెక్కే మెషిన్) మీద చెక్కి పాలిష్ చేసి ఇవ్వడానికి ఎనిమిది రోజులు. జూన్ 27న వచ్చింది. ఈడీఎం వదిలిన గరుకు పొరను పూర్తిగా పాలిష్ చేయించాలని పట్టుబట్టండి. ఆ గట్టి పెళుసు పొర మీదే డై పగుళ్లు మొదలవుతాయి, ఇంకో డై మీద ఆ దెబ్బ ముందే తిన్నాం.

జూలై 1న కొత్త మూలతో మొదటి ట్రయల్. మడతలు లేవు, కానీ యాభైలో ఇరవై బాడీల అంచు నిండలేదు! అందరి మొహాలూ వాడిపోయాయి. కారణం తేలడానికి గంట పట్టింది, తేలాక నవ్వొచ్చింది. డై మూలను గుండ్రం చేస్తే బాడీలో అక్కడ లోహం పెరుగుతుంది. ముక్క బరువు మాత్రం పాత 313 దగ్గరే కచ్చితంగా పట్టి కూర్చున్నాం. వదులు స్టాపర్ రోజుల్లో అయితే ఇది బయటపడేదే కాదు. ముక్కను అర మిల్లీమీటరు పెంచి 316 చేశాక సర్దుకుంది.

నిండనివి అయినా పూర్తిగా పోలేదు. జూలై 3న డై పక్కన కూర్చుని స్ప్రేని మాత్రమే చూశాం. నీళ్లలో కలిపిన గ్రాఫైట్, చేతి గన్‌తో కొడతారు. బొడ్డు గుంత లోతుగా ఉండడంతో అడుగున చెంచాడు ద్రవం నిలుస్తోంది. మీద వేడి ముక్క పడగానే అది ఆవిరై లోపలే బిగుసుకుంటోంది, లోహాన్ని చివరి రెండు మిల్లీమీటర్లు పోనివ్వట్లేదు. ఎండిన గ్రాఫైట్ అడుగున పెచ్చులు కట్టి కొలతనూ తినేస్తోంది. దీనికి మూడు పనులు చేశాం. స్ప్రే తర్వాత గాలి గన్‌తో ఒక్క ఊదు. బొడ్డు గుంత అడుగున 1 మి.మీ. గాలి రంధ్రం. ఆ రంధ్రంలోకి లోహం కాస్త పాకి ముక్క మీద చిన్న మొటిమ వస్తుంది, మెషినింగ్‌లో పోయే ముఖం మీదే కాబట్టి ఇబ్బంది లేదు. మూడోది డై వేడి. షిఫ్ట్ మొదట్లో వేడి ముక్కలు డై మీద పెట్టి వేడెక్కించే పాత అలవాటు మాన్పించి, గ్యాస్ బర్నర్‌తో ముప్పావుగంట కాల్చి, తాకి కొలిచే థర్మామీటర్‌లో 200 దాటాకే మొదటి దెబ్బ. నడుస్తున్నప్పుడు 250 చుట్టూ ఉంటే మంచిది. చల్లటి డై మీద స్ప్రే ఆరదు, నీళ్లలాగే నిలుస్తుంది. స్ప్రే గొడవలో సగం నిజానికి డై వేడి గొడవే.

చిన్న డబ్బాలో 22 ఉన్నాయి కదా, వాటి కోసం పెద్దగా చేసిందేమీ లేదు. గైడ్ పిన్నులు అరిగి డైలు 0.4 మి.మీ. జరుగుతున్నాయి, పిన్నులు, బుష్‌లు మార్చాం. దెబ్బలు తగిలినవి వేడి బాడీలను ఎత్తు నుంచి ఇనప డబ్బాలోకి విసరడం వల్ల, వాలు రేకు పెట్టాం.

జూలై 14న ఎవరూ ఊహించనిది ఒకటి. పికిలింగ్ (యాసిడ్ తొట్టిలో ముంచి శుభ్రం చేయడం) నుంచి వచ్చిన రెండు బుట్టల బాడీలు గులాబీ రంగులో, రాగి చెంబుల్లా ఉన్నాయి. జింక్ పోయింది, ఫర్నేస్ మళ్లీ మండిందని హడావుడి. కోసి చూస్తే లోపల ఇత్తడి చక్కగా ఉంది, ఎరుపు పైపొర మాత్రమే. సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలో బుట్ట కట్టిన స్టెయిన్‌లెస్ తీగ తెగితే ఎవరో మామూలు ఇనప తీగ కట్టారు. తొట్టిలో అప్పటికే కరిగి ఉన్న రాగి, ఇనుము తగలగానే పక్కనున్న ఇత్తడి మీద పూతలా కూర్చుంటుంది. తీగ తీసేసి, బాడీలను మళ్లీ శుభ్రం చేయడానికి ఒకటిన్నర రోజు. తొట్టి అడుగున ఇంకా ఏమున్నాయో చూస్తే రెండు బోల్టులు, ఒక విరిగిన పట్టకారు ముక్క.

జూలై 22 నాటిది మాత్రం భయపెట్టింది. జూన్ చివర్లో అన్ని పరీక్షలూ పాసై స్టోర్‌లో ఉన్న బాడీల్లో మూడింటికి అంచు దగ్గర నిలువు పగుళ్లు. ఫోర్జింగ్ రోజున ఉంటే లీకు పరీక్షలో చిక్కాలి. పరీక్ష కాగితాలున్నాయి, పాసయ్యాయి. అంటే పగుళ్లు తర్వాత, స్టోర్‌లో పుట్టాయి. ఇత్తడికి ఉన్న పాత జబ్బే ఇది: లోపల బిగువు మిగిలి ఉండి, గాలిలో కాస్త అమ్మోనియా, తేమ తోడైతే తనంతట తనే చీలుతుంది. బిగువు ఎక్కడిదంటే ట్రిమ్మింగ్ డై మొద్దుబారి, చల్లబడిన ఫ్లాష్‌ను కోయడం మాని లాగి చింపుతోంది, అంచు కాస్త వంగుతోంది. అమ్మోనియా ఎక్కడిదంటే స్టోర్ నేల తుడిచే ద్రావణంలోది. రెండూ మాన్పించాం.

నమ్మకం కోసం ఐఎస్ఓ 6957 ప్రకారం అమ్మోనియా ఆవిరిలో పది బాడీలు పెట్టి చూశాం. పాత ట్రిమ్మింగ్‌వి నాలుగు చీలాయి, పదును పెట్టిన డైతో కోసినవి ఒక్కటీ చీలలేదు. పాదరస లవణంతో చేసే పాత పరీక్ష కూడా ఉంది, త్వరగా తేలుతుంది, కానీ దాని విషం, ఆ నీళ్లు పారబోసే బాధ మాకెందుకని వదిలేశాం. స్టోర్‌లో ఉన్న 1,900 బాడీలను 275 డిగ్రీల దగ్గర గంటసేపు కాల్చి బిగువు తీశాం. ఆ ఉష్ణోగ్రతకు గట్టిదనం పెద్దగా తగ్గదు, రంగు మాత్రం కాస్త మాసి మళ్లీ పికిలింగ్ అవసరమైంది. ఇందుకు నాలుగు రోజులు పట్టింది, పంపాల్సిన తేదీ దాటిపోయింది, మాటలు పడ్డాం.

మార్చిన రాడ్లు, కొత్త మూల, సరిపెట్టిన ఉష్ణోగ్రత అన్నీ కలిపి నడిచిన మొదటి పూర్తి లాట్ ఆగస్టు 4న మెషినింగ్ దాటింది. 4,800లో 83 రిజెక్ట్. వాటిలో లీకులు 19, మడతలు 22, పగుళ్లు 11, నిండనివి 24, మిగతావి 7. లీకైన 19లో 16 ఒకే బండిల్ నుంచి వచ్చాయి, వలయం అందులో మళ్లీ కనిపించింది. కాబట్టి కొసలు విరిచి చూడడం ఆపలేదు, ఆ బండిల్ చీటీ కట్టి పక్కన పెట్టి ఉంది. నిండని 24లో 17 సోమవారం ఉదయం మొదటి గంటవి, బర్నర్ వెలిగించే మనిషి ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు.